జీతం పెరిగితే ట్యాక్స్ క్రెడిట్స్ లెక్క ఎలా మారేది, ఎక్కువ ఇచ్చామని ఉత్తరం వస్తే ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం. ట్యాక్స్ క్రెడిట్స్ అంటే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన డబ్బు సాయం. ఈస్ట్ హామ్‌లో ఉన్నా, రీడింగ్‌లో ఉన్నా అందరూ అడిగేది ఒకటే: "జీతం పెరిగిందని సంతోషపడ్డాం. రెండేళ్ల తర్వాత డబ్బు తిరిగి కట్టమని కవరు వచ్చింది. మేమేం తప్పు చేశాం?" చాలామంది ఏ తప్పూ చేయలేదు. జీతం పెరగడానికీ, ఆ సంగతి లెక్కలోకి ఎక్కడానికీ మధ్య నెలల తరబడి గడిచిపోయేది. ఈ బాకీల్లో చాలావరకు అక్కడే పుట్టాయి. ఆ లెక్క అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

ట్యాక్స్ క్రెడిట్స్ ఆగిపోయాయి కదా, ఇప్పుడు వీటి గురించి ఎందుకు?

నిజమే. 2003 ఏప్రిల్‌లో మొదలైన వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్, చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ రెండూ 2025 ఏప్రిల్ 5తో ముగిశాయి. వాటి స్థానంలో యూనివర్సల్ క్రెడిట్ అనే నెలవారీ సాయం వచ్చింది. పథకం ఆగింది కానీ పాత బాకీలు ఆగలేదు. ఏళ్ల క్రితం ఎక్కువగా వచ్చిన డబ్బును ఇప్పటికీ వసూలు చేస్తున్నారు. కొందరికి యూనివర్సల్ క్రెడిట్‌లో కోత పడుతోంది, కొందరికి ఉత్తరాలు వస్తున్నాయి. ఆ అంకె సరైనదో కాదో తేల్చుకోవాలంటే పాత నియమాలు తెలిసి ఉండాలి.

అసలు ఆ లెక్క ఎలా వేసేవారు?

ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏడాది ఏప్రిల్ 5 వరకు ఒక సంవత్సరం. ఏడాది మొదట్లో ఆ ఏడు మీరు ఎంత సంపాదిస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి, పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ మీ పోయిన ఏడాది ఆదాయం చూసి తాత్కాలికంగా ఒక మొత్తం ఖాయం చేసి డబ్బు పంపేది. ఏడాది గడిచాక అసలు ఆదాయం అడిగేది. రెన్యువల్‌కి గడువు జూలై 31. అప్పుడు తుది లెక్క తేల్చేవారు. తక్కువ ఇచ్చి ఉంటే మిగతాది మీకు వచ్చేది, ఎక్కువ ఇచ్చి ఉంటే అది బాకీ అయ్యేది.

ఇక కోత సంగతి. ఒక పరిమితి దాటాక ప్రతి అదనపు పౌండు ఆదాయానికీ 41 పెన్నీలు తగ్గించేవారు. చివరి ఏడాది 2024-25లో ఆ పరిమితి వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకునేవారికి 7,955 పౌండ్లు, చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ మాత్రమే తీసుకునేవారికి 19,995 పౌండ్లు.

జీతం పెరిగితే ఎంత తగ్గేది? ఒక ఉదాహరణ చెప్పండి.

ఇద్దరు పిల్లలున్న ఒక జంట అనుకోండి. 2022-23లో ఇద్దరి ఆదాయం కలిపి 22,000 పౌండ్లు. 2023 ఏప్రిల్ నుంచి భర్తకు జీతం పెరిగింది. ఆ ఏడు మొత్తం 26,000 అయింది, అంటే 4,000 ఎక్కువ.

ఆ 4,000లో మొదటి 2,500ను ఆ సంవత్సరానికి అసలు లెక్కలోకి తీసుకోరు. మిగిలిన 1,500 మీద 41 శాతం, అంటే 615 పౌండ్లు తగ్గాలి. పెంపు సంగతి వెంటనే ఫోన్ చేసి చెబితే ఆ 615ను మిగతా నెలల్లో కొంచెం కొంచెంగా తగ్గించేవారు. చెప్పకుండా ఏడాది చివరిదాకా ఉంటే ఆ 615 పౌండ్లూ ఓవర్‌పేమెంట్‌గా (ఎక్కువగా ఇచ్చిన డబ్బుగా) మిగిలేవి.

మనవాళ్లలో చాలామంది దెబ్బతిన్నది మాత్రం ఆ తర్వాతి ఏడాదిలో. ఆ 2,500 మినహాయింపు పెంపు వచ్చిన ఏడాదికే. మరుసటి ఏడు 2024-25 లెక్క 26,000 నుంచే మొదలవుతుంది. అంటే మొత్తం 4,000 పెంపూ లెక్కలోకి వచ్చి, రావలసినది 1,640 పౌండ్లు తగ్గుతుంది. "పెరిగింది రెండున్నర వేల లోపే, చెప్పనక్కర్లేదట" అని స్నేహితులు చెప్పిన మాట సగమే నిజం. ఆ ఏడాదికి నిజం, పై ఏడాదికి కాదు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. ఏప్రిల్ 6న కొత్త ఏడాది మొదలైనా, మీరు రెన్యువల్ చేసేదాకా పాత ఆదాయం మీదే డబ్బు వస్తూ ఉండేది. జీతం పెరిగినవాళ్లు జూలై చివర్లో రెన్యువల్ చేస్తే దాదాపు నాలుగు నెలల పాటు రావలసినదానికంటే ఎక్కువ వచ్చేసేది. మీ దగ్గరున్న ఉత్తరంలో ఏ ఏడాదికి బాకీ అని రాశారో చూడండి. అది పెంపు వచ్చిన ఏడాదికి మరుసటి ఏడు అయితే, కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది.

ఈ 2,500 మినహాయింపు మొదటి నుంచీ ఇంతేనా?

కాదు. పాత బాకీ చూసేటప్పుడు ఇది తప్పనిసరిగా గమనించాలి. 2003లో 2,500తోనే మొదలైంది. మొదటి ఏడాదిలోనే దాదాపు 19 లక్షల కుటుంబాలకు ఎక్కువ డబ్బు వెళ్లిందని తేలి పెద్ద గొడవ అయింది. దాంతో 2006లో దాన్ని ఒకేసారి 25,000కు పెంచారు. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి 2011లో 10,000కు, 2013లో 5,000కు దించారు. 2016 ఏప్రిల్ నుంచి మళ్లీ 2,500. మీ బాకీ 2014-15ది అయితే 5,000 మినహాయించాలి. లెక్కలో అది కనిపించకపోతే అడగండి.

ఏ జీతం చూస్తారు? చేతికొచ్చేదా, మొత్తమా?

ట్యాక్స్ క్రెడిట్స్‌కి పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కోయకముందు జీతం. పెన్షన్‌కి మీరు కట్టిన డబ్బు మాత్రం అందులోంచి తీసేయాలి. చాలామంది పీ60లోని (ఏడాది చివర యజమాని ఇచ్చే జీతం పత్రంలోని) అంకె రాసిచ్చారు. పెన్షన్ డబ్బు అప్పటికే తీసేసి ఆ అంకె వేశారా, ఇంకా తీయాలా అన్నది మీ పెన్షన్ రకాన్ని బట్టి ఉంటుంది. తీయకుండా పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆ ఏడాది మార్చి పేస్లిప్ దొరికితే సరిపోల్చుకోండి.

ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుగా చేస్తున్నాను. పెంపు ఏరియర్స్‌తో ఒకేసారి వచ్చింది. అది ఏ ఏడాదిది?

డబ్బు చేతికొచ్చిన ఏడాదిది. ఇంగ్లండ్‌లో 2024-25కి ఇచ్చిన 5.5 శాతం పెంపును ఏప్రిల్ నుంచి లెక్కగట్టి అక్టోబరులో ఇచ్చారు. అది అదే సంవత్సరంలో పడింది కాబట్టి ట్యాక్స్ క్రెడిట్స్‌లో ఇబ్బంది లేదు. ఏప్రిల్ 5 దాటాక పాత ఏడాది ఏరియర్స్ వస్తే మాత్రం అవి కొత్త ఏడాది ఖాతాలోకి వెళ్తాయి.

ట్యాక్స్ క్రెడిట్స్ రోజుల్లో పెంపు సంగతి చెప్పకపోవడం నేరమా?

కాదు. ఆదాయం పెరిగిందని ఏడాది మధ్యలోనే చెప్పి తీరాలన్న చట్టం ఉండేది కాదు. చెబితే బాకీ పేరుకోకుండా ఉండేది, అంతే. ఏడాది చివర మాత్రం నిజమైన అంకె ఇవ్వాల్సి ఉండేది. కొన్ని మార్పులను మాత్రం నెలలోపు చెప్పడం తప్పనిసరిగా ఉండేది. భార్యో భర్తో వచ్చి కలవడం, విడిపోవడం, పని గంటలు నిర్ణీత సంఖ్య కంటే తగ్గడం, పిల్లల సంరక్షణ ఖర్చు బాగా తగ్గడం లాంటివి అవి. అవి చెప్పకపోతే 300 పౌండ్ల దాకా జరిమానా ఉండేది. తెలిసి తప్పుడు వివరాలు ఇస్తే 3,000 దాకా.

ఉత్తరం రాగానే "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు" అని కుంగిపోయినవాళ్లను చూశాను. ఓవర్‌పేమెంట్ వేరు, మోసం వేరు. మీ ఉత్తరంలో జరిమానా అన్న మాట లేకపోతే అది కేవలం లెక్కల బాకీ.

హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె వస్తుంది. అది కూడా చెప్పాలా?

చెప్పాలి. ట్యాక్స్ క్రెడిట్స్‌లో ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కలోకి వచ్చేది. ఇండియాలో వచ్చే అద్దె, బ్యాంకు వడ్డీ, పెన్షన్ లాంటివన్నీ కలిపి ఏడాదికి మొదటి 300 పౌండ్లు వదిలేసి మిగతాది కలిపేవారు. ఇక్కడ జీతం పెరిగిన ఏడాదే అక్కడ అద్దె కూడా పెరిగితే రెండూ కలిసి 2,500 దాటేసేవి.

యూనివర్సల్ క్రెడిట్‌లో ఇంకో పెద్ద తేడా ఉంది. ట్యాక్స్ క్రెడిట్స్‌లో ఆస్తికి పరిమితి ఉండేది కాదు. ఇక్కడ ఉంది. మీరు నివసించే ఇల్లు కాకుండా పొదుపు, ఇతర ఆస్తి కలిపి 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు. 6,000 నుంచి 16,000 మధ్య ఉంటే కొంత కోత. గుంటూరులో ప్లాటు, బ్యాంకులో ఎఫ్‌డీ, నాన్నగారి పొలంలో మీ పేరు మీదున్న వాటా ఇవన్నీ ఆస్తే. ట్యాక్స్ క్రెడిట్స్ నుంచి మైగ్రేషన్ నోటీసు (యూనివర్సల్ క్రెడిట్‌కి మారమని వచ్చే ఉత్తరం) మీద మారినవాళ్లకు మొదటి 12 నెలల లెక్కల వరకు ఈ 16,000 నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ పన్నెండూ అయ్యాక నియమం వర్తిస్తుంది. "ఊళ్లో ఆస్తి వీళ్లకెందుకు" అనుకుని చెప్పకుండా ఉంటే జీతం పెంపు వల్ల వచ్చే బాకీ కంటే ఎన్నో రెట్లు పెద్ద బాకీ నెత్తిన పడుతుంది. దయచేసి ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి. చెప్పేయండి.

ఉత్తరం వచ్చింది. మొదట ఏం చేయాలి?

వెంటనే డబ్బు కట్టేయకండి, అలాగని కవరును ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోకండి. మన ఇళ్లలో ఈ రెండూ జరుగుతాయి. భయంతో క్రెడిట్ కార్డు మీద కట్టేసినవాళ్లు ఉన్నారు, గడువు దాటాక తెరిచినవాళ్లూ ఉన్నారు.

ముందు ఏ సంవత్సరానికి, ఎంత అన్నది చూడండి. ఆ ఏడాది అవార్డు నోటీసు, అంటే మీకు ఎంత వస్తుందో లెక్క చూపిస్తూ వచ్చిన కాగితం, వెతకండి. దాంట్లో మీ ఆదాయం, పని గంటలు, పిల్లల సంఖ్య, పిల్లల సంరక్షణ ఖర్చు ఏం రాశారో పేస్లిప్‌లతో పోల్చండి. ఆదాయం మీరు ఇచ్చినదేనా? పెన్షన్ తీశారా? మినహాయింపు ఇచ్చారా? కాగితాలు లేకపోతే హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేసి ఓవర్‌పేమెంట్ ఎలా వచ్చిందో వివరంగా రాసి పంపమని అడగండి. అది అడిగే హక్కు మీకుంది. మీరు ఎప్పుడు ఫోన్ చేశారు, ఎవరితో మాట్లాడారు, ఏం చెప్పారు అన్నది ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. తర్వాత వాదించాల్సి వస్తే పనికొచ్చేది ఆ నోట్‌బుక్కే.

లెక్కే తప్పు అనిపిస్తే? లేదా తప్పు వాళ్లదే అయితే?

ఈ రెండూ వేర్వేరు దారులు. ఒకదానికి బదులు ఇంకోటి పట్టుకుని చాలామంది సమయం పోగొట్టుకున్నారు.

అంకె తప్పు అంటే, ఉదాహరణకు మీ ఆదాయం ఎక్కువ రాశారు అనుకోండి. అప్పుడు ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని నిర్ణయం తేదీ నుంచి 30 రోజుల్లో అడగాలి. దాన్ని మ్యాండేటరీ రీకన్సిడరేషన్ అంటారు. అప్పటికీ తేలకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు.

అంకె సరైనదే, కానీ ఎక్కువ డబ్బు రావడానికి కారణం వాళ్లే అంటే డిస్ప్యూట్ వేయాలి. దానికి టీసీ846 అనే ఫారం ఉంది. తుది నిర్ణయం వచ్చిన మూడు నెలల్లోపు పంపాలి. దీనికి కొలమానం కాప్26 అనే వాళ్ల సొంత నియమావళి. అందులో మీ బాధ్యతలు, వాళ్ల బాధ్యతలు విడివిడిగా రాసి ఉంటాయి. మీరు మార్పు చెప్పిన 30 రోజుల్లో వాళ్లు సరిచేయకపోతే, ఆ 30 రోజుల తర్వాత పేరుకున్న ఓవర్‌పేమెంట్‌ను వదిలేయమని అడగొచ్చు. "జూన్ 3న జీతం పెరిగిందని ఫోన్ చేశాను, అక్టోబరు దాకా పాత మొత్తమే వచ్చింది" అని చెప్పగలిగితే మీ వాదన గట్టిది. అయితే అవార్డు నోటీసు వచ్చినప్పుడు నెలలోపు సరిచూసుకుని తప్పుంటే చెప్పడం మీ బాధ్యత అని కూడా అందులోనే ఉంది. నోటీసులో తప్పు కనబడుతున్నా ఊరుకుంటే అది మీకు ఎదురు తిరుగుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. డిస్ప్యూట్ వేసినంత మాత్రాన వసూలు ఆగదు. గెలిస్తే తిరిగి ఇస్తారు.

యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటున్నాను. పాత బాకీ ఎలా కోస్తారు?

మీరు యూనివర్సల్ క్రెడిట్‌కి మారగానే ట్యాక్స్ క్రెడిట్స్ బాకీని హెచ్‌ఎంఆర్‌సీ నుంచి యూనివర్సల్ క్రెడిట్ ఇచ్చే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీకి బదిలీ చేస్తారు. ఎంత బదిలీ చేశారో టీసీ1131 అనే ఉత్తరంలో రాసి పంపుతారు. దాన్ని పారేయకండి. నెలనెలా కోతకి 2025 ఏప్రిల్ 30 నుంచి మామూలుగా గరిష్ఠం స్టాండర్డ్ అలవెన్సులో (యూనివర్సల్ క్రెడిట్‌లోని మూల మొత్తంలో) 15 శాతం. అంతకు ముందు 25 శాతం ఉండేది. 2025-26లో 25 ఏళ్లు దాటిన జంటకు స్టాండర్డ్ అలవెన్సు 628.10 పౌండ్లు కాబట్టి కోత దాదాపు 94 పౌండ్లకు మించకూడదు. అది కూడా మోయలేకపోతే డీడబ్ల్యూపీ డెట్ మేనేజ్‌మెంట్‌కి ఫోన్ చేసి మీ అద్దె, కరెంటు, తిండి ఖర్చులు చెప్పి తగ్గించమని అడగండి. అడిగినవాళ్లకే తగ్గుతుంది.

నాకు ఏ బెనిఫిట్టూ రావట్లేదు. అప్పుడెలా?

నేరుగా కట్టమని నోటీసు ఇస్తారు. వాయిదాల పద్ధతి అడగొచ్చు. కొన్నిసార్లు ట్యాక్స్ కోడ్ మార్చి జీతంలోంచే తీసుకుంటారు. పేస్లిప్‌లో కోడ్ ఉన్నట్టుండి మారితే ఇదేమో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు యూనివర్సల్ క్రెడిట్‌లో జీతం పెరిగితే ఏమవుతుంది?

ఇక్కడ ఏడాది లెక్క లేదు, 2,500 మినహాయింపు లేదు. నెల లెక్క. పన్ను, పెన్షన్ పోను చేతికొచ్చే జీతం చూస్తారు. మీ యజమాని జీతం వేసినప్పుడల్లా హెచ్‌ఎంఆర్‌సీకి పంపే వివరాలు అక్కడి నుంచి డీడబ్ల్యూపీకి వెళ్తాయి. అందుకే జీతం పెంపు వల్ల పాత పద్ధతిలోలాగా బాకీ పేరుకోవడం తక్కువ.

పిల్లలున్నవారికి, లేదా ఆరోగ్య కారణాల వల్ల పని సామర్థ్యం పరిమితమని తేలినవారికి వర్క్ అలవెన్సు ఉంటుంది, అంటే జీతంలో కొంత మొత్తం వరకు కోత ఉండదు. 2025-26లో అద్దెకి సాయం తీసుకుంటే నెలకి 411 పౌండ్లు, తీసుకోకపోతే 684. అది దాటిన ప్రతి పౌండుకీ 55 పెన్నీల కోత. చేతికొచ్చే జీతం నెలకి 200 పౌండ్లు పెరిగితే 110 తగ్గుతుంది, 90 మిగులుతుంది. కౌన్సిల్ ట్యాక్స్ రాయితీ ఉంటే అదీ కొంచెం తగ్గొచ్చు.

ఏరియర్స్ ఒకేసారి 900 పౌండ్లు వస్తే ఆ నెల యూనివర్సల్ క్రెడిట్ 495 తగ్గుతుంది. ఇది ఓవర్‌పేమెంట్ కాదు, ఆ నెల కోత అంతే. కానీ డబ్బు వచ్చిన సంతోషంలో ఖర్చు పెట్టేస్తే వచ్చే నెల అద్దెకి ఇబ్బంది. సగానికి పైగా పక్కన పెట్టుకోండి. ఒక నెల మొత్తం సున్నా అయినా కంగారు పడొద్దు, ఆరు నెలల్లోపు మళ్లీ తేలిగ్గా క్లెయిమ్ చేసుకోవచ్చు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. యూనివర్సల్ క్రెడిట్‌లో ఎక్కువ డబ్బు వస్తే, అది ఆఫీసు తప్పు వల్లే అయినా, తిరిగి తీసుకునే అధికారం చట్టం ఇచ్చింది. ట్యాక్స్ క్రెడిట్స్‌లో ఉన్న డిస్ప్యూట్ దారి ఇక్కడ లేదు. వదిలేయమని వేడుకోవచ్చు, దానికి వేవర్ అంటారు, కానీ అది కష్టం. నా దృష్టిలో ఇది అన్యాయం. అందుకే ప్రతి నెల స్టేట్‌మెంట్‌లో మీ జీతం అంకె పేస్లిప్‌తో సరిపోయిందో లేదో చూసుకోండి. సరిపోకపోతే ఆ రోజే మీ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో రాయండి.

నాకు నాలుగు వారాలకోసారి జీతం. ఒక నెల రెండు జీతాలు పడ్డట్టు చూపిస్తోంది.

ఏడాదికి 13 జీతాలు వస్తాయి కాబట్టి ఒక నెల అలా జరుగుతుంది, ఆ నెల కోత ఎక్కువ. ముందే తేదీ చూసుకుని సిద్ధంగా ఉండాలి. నెల జీతం తీసుకునేవాళ్లకు సెలవు వల్ల జీతం ముందే పడి రెండూ ఒకే లెక్కలోకి వస్తే మాత్రం సరిచేయించుకోవచ్చు. 2020 నవంబరు నుంచి దానికి నియమం ఉంది.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాం. మేము ఇవి తీసుకోవచ్చా?

మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) నిషేధం ఉంటే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ఇచ్చే భత్యం) తీసుకోకూడదు. ఒకరికి ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) లేదా పౌరసత్వం ఉండి, రెండోవారు స్పౌజ్ వీసా మీద వస్తే సంగతి వేరు. యూనివర్సల్ క్రెడిట్‌లో హక్కున్నవారు ఒంటరిగా క్లెయిమ్ చేయాలి, కానీ ఇద్దరి ఆదాయమూ లెక్కలోకి వస్తుంది. ఇండియా నుంచి భార్య వచ్చిన రోజే ఆ మార్పు చెప్పాలి. ట్యాక్స్ క్రెడిట్స్ రోజుల్లో చాలామంది సింగిల్ క్లెయిమ్ అలాగే నడిపించారు, తర్వాత ఆ కాలం మొత్తం డబ్బు వెనక్కి అడిగారు. అలాంటివారు ఒకటి అడగాలి. జంటగా క్లెయిమ్ చేసి ఉంటే ఎంత వచ్చేదో అంత బాకీలోంచి తీసేసే పద్ధతి ఉంది, దాన్ని ఆఫ్‌సెట్టింగ్ అంటారు. మీరు అడగకపోతే తీయకపోవచ్చు.

మేము విడిపోయాం. బాకీ ఎవరిది?

జంటగా తీసుకున్నదైతే ఇద్దరిదీ. మాట కుదరకపోతే మామూలుగా చెరి సగం అడుగుతారు. మీ సగమే కడతానని చెప్పండి.

జీతం 60,000 దాటింది. ట్యాక్స్ క్రెడిట్స్‌తో సంబంధం లేదు కానీ చైల్డ్ బెనిఫిట్ సంగతి?

2024 ఏప్రిల్ నుంచి ఇంట్లో ఎక్కువ సంపాదించేవారి ఆదాయం 60,000 దాటితే ప్రతి 200 పౌండ్లకు చైల్డ్ బెనిఫిట్‌లో ఒక శాతం చొప్పున తిరిగి కట్టాలి. 80,000కి మొత్తం పోతుంది. పెన్షన్‌కి ఎక్కువ కడితే ఈ ఆదాయం తగ్గుతుంది, 62,000 దగ్గర ఉన్నవాళ్లు ఒకసారి లెక్క వేసుకోండి.

ఇంత గోల ఎందుకు, పెంపు వద్దనుకుంటే పోదా?

వద్దు. పైన చూపిన లెక్కలో కోత పోగా కూడా కొంత మిగులుతోంది. పైగా జీతంతోపాటు పెన్షన్, సిక్ పే, రేపు ఇంకో ఉద్యోగానికి అడిగే జీతం అన్నీ పెరుగుతాయి. యూనివర్సల్ క్రెడిట్ పోతుందని షిఫ్టులు వదులుకున్న తల్లులతో మాట్లాడాను. లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది మనసు మార్చుకున్నారు.

ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడాలంటే భయం. ఎవరిని అడగాలి?

ఫోన్ చేసినప్పుడు ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటే చెప్పండి, ఇస్తారు. పిల్లలతో మాట్లాడించకండి. డబ్బు, అప్పు మాటలు పన్నెండేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టే బరువు కాదు. సిటిజన్స్ అడ్వైస్ ఉచితం. మీ టౌన్‌లో లా సెంటర్ ఉంటే అక్కడా సాయం దొరుకుతుంది. అప్పులు చాలా ఉంటే స్టెప్‌చేంజ్ అనే ధార్మిక సంస్థ ఉంది. ఎంత వస్తుందో లెక్క చూసుకోవడానికి టర్న్2అస్ క్యాలిక్యులేటర్ వాడొచ్చు. నెలల తరబడి జవాబు రాకపోతే మీ ఎంపీకి రాయండి. మీకు ఓటు ఉన్నా లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. వెళ్లేటప్పుడు ఆ ఉత్తరం, అవార్డు నోటీసు, పీ60, మీ నోట్‌బుక్ నాలుగూ పట్టుకెళ్లండి.